కెమెరా పెట్టె మూత అయస్కాంతాలతో నిలవడం లేదు, ఏం మార్చాలి?

కటకం_కన్ను:
6 మి.మీ. ప్లైవుడ్‌తో కెమెరా పెట్టె చేస్తున్నాను. లోపలి కొలత 40 × 30 సెం.మీ. ఒక బాడీ, మూడు లెన్సులు, మొత్తం రెండున్నర కిలోలు. వెనక బందులు. ముందు గొళ్లెం బదులు 10 × 3 మి.మీ. ఎన్35 రకం (ఈ అంకె పెరిగితే బలం ఎక్కువ) అయస్కాంతాలు రెండు, వాటికెదురుగా మూతలో మరో రెండు. అడుగునా మూతలోనూ మెత్తటి స్పాంజి ఫోమ్. ఫోమ్ లేనప్పుడు మూత టక్కున అతుక్కుంటోంది. ఫోమ్ పెట్టాక ముందువైపు మూడు నాలుగు మిల్లీమీటర్లు లేచే ఉంటోంది, గట్టిగా నొక్కి వదిలినా అంతే. దానికితోడు ఒక అయస్కాంతం సూపర్ గ్లూ వదిలేసి ఎదుటిదానికి అంటుకుని ఊడొచ్చేసింది. ఎన్52 రకం వేస్తే సరిపోతుందా?

ఉలి_సుత్తి:
ఎన్52 జోలికి ఇప్పుడే వెళ్లకండి, ముందు లెక్క చూడండి. మూత ఫోమ్ కింది ఫోమ్‌ని అంతటా నొక్కుతోంది, అంటే 1200 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 10 గ్రాముల చొప్పున తోసినా 12 కిలోలు! అందులో సగం బందులు మోస్తాయి, మిగతా 6 కిలోలూ ముందు అంచు మీదే. మీ అయస్కాంతాల జత ఒక్కోటి పూర్తిగా ఆనుకున్నప్పుడు పట్టేది సుమారు కిలోన్నర, రెండూ కలిపి మూడు. మధ్యలో పెయింటో అస్తరు గుడ్డో వచ్చి ఒక్క మిల్లీమీటరు సందు పడితే ఆ పట్టు ఇంకా బాగా తగ్గిపోతుంది.

కాబట్టి మార్చాల్సింది ఫోమ్‌ని. మూతంతా పరవకుండా వస్తువుల నెత్తిన మాత్రమే ముక్కలు అంటించండి. మందం ఎంతుండాలో ఇలా తెలుస్తుంది: మూత ఫోమ్ పీకేసి, ఒక్కో వస్తువు మీద ప్లాస్టిక్ కాగితం పరిచి బంకమట్టి ఉండ పెట్టి మూత పూర్తిగా మూయండి. తెరిచి, నలిగిన ఉండ మందం కొలవండి. దానికి 2 మి.మీ. కలిపితే అదే ఆ చోట ఫోమ్ మందం. 3 మి.మీ. దాటి నలిగితే మళ్లీ స్ప్రింగే అవుతుంది.

అడుగున స్పాంజి బదులు పాలీ ఇథిలీన్ ఫోమ్ వాడండి. స్పాంజి రకం తేమకి కొన్నేళ్లలో జిగురుగా మారి పొడిపొడిగా రాలుతుంది, లెన్సుల పక్కన అది అస్సలు ఉండకూడదు. గుంట వస్తువు కన్నా చుట్టూ 1 మి.మీ. చిన్నగా, గుంటకీ గుంటకీ మధ్య కనీసం 20 మి.మీ. గోడ. పొడవాటి కట్టర్ బ్లేడుని నిటారుగా పట్టి నాలుగైదు సార్లు తేలిగ్గా లాగాలి. ఒక్కసారే నొక్కి కోస్తే పైన సరిగ్గా ఉన్న గుంట అడుగున వంకర పోతుంది.

పొరచెక్క:
అయస్కాంతం ఊడటానికి కారణం నికెల్ పూత నునుపు. సూపర్ గ్లూ దానిమీద పెళుసుగా ఆరుతుంది, ప్రతి టక్కుకీ కొంచెం కొంచెం పగులుతుంది. 120 నంబరు గరుకు కాగితంతో గీసి, స్పిరిట్‌తో తుడిచి, రెండు గొట్టాల ఎపాక్సీ వాడండి. 24 గంటలు మూత మూయొద్దు. మూస్తే జిగురు ఆరకముందే ఎదుటి అయస్కాంతం దాన్ని గుంటలోంచి లాగేస్తుంది.

15 × 5 మి.మీ. ఎన్42 రెండు జతలు చాలు. 6 మి.మీ. అంచులో అంత గుంట పట్టదు కాబట్టి లోపలి మూలల్లో 25 మి.మీ. చెక్క దిమ్మెలు అంటించి, వాటిలో సరిగ్గా 5 మి.మీ. లోతు తొలవండి. లోతెక్కువైతే సందే. ధ్రువాల తికమక రాకుండా అన్నిటినీ ఒకే దొంతరగా పేర్చి, ఒక్కోటి తీస్తూ పైముఖం మీద మార్కర్ చుక్క పెట్టండి. పెట్టెలో చుక్క పైకి కనపడాలి, మూతలో చుక్క కనపడకుండా చెక్క గుంటలోకి వెళ్లాలి.

కటకం_కన్ను:
బంకమట్టి కొలత ఇప్పుడే తీశాను. బాడీ దగ్గర 11 మి.మీ., పెద్ద లెన్సు దగ్గర 6. నేను అంతటా 25 మి.మీ. ఫోమ్ వేశాను! మూతలో అయస్కాంతం బదులు ఇనుప బిళ్ల పెట్టొచ్చా? హ్యాండిల్ మూతకి పెడితే?

ఉలి_సుత్తి:
ఇనుప బిళ్ల పెట్టొచ్చు, ధ్రువాల గొడవ ఉండదు. మందం 2 మి.మీ. కన్నా తగ్గకూడదు, పల్చటి రేకు అయస్కాంతం బలాన్నంతా అందుకోలేదు. 304 రకం స్టెయిన్‌లెస్ మాత్రం తేవద్దు, దానికి దాదాపు అతుక్కోదు.

హ్యాండిల్ మూతకి వద్దే వద్దు. ఎత్తగానే బరువు అయస్కాంతాల మీద కూడా పడుతుంది. అడుగు భాగానికే బిగించండి. ఇంకొకటి, అయస్కాంతం నేరుగా లాగితే గట్టిగా పడుతుంది కానీ పక్కకి జారే బలాన్ని అందులో మూడో వంతు కూడా ఆపలేదు. అందుకని అడుగు పెట్టె లోపలి అంచున, పైకి 10 మి.మీ. నిలిచేలా పల్చటి పట్టీ అంటించండి, మూత దాని మీదుగా దిగాలి. వెనక బందులున్న వైపు మాత్రం పట్టీ వద్దు, మూత తిరిగేటప్పుడు తగులుతుంది. ప్రయాణాల్లో తీసుకెళ్లే పెట్టైతే బకిల్ ఉన్న నాడా ఒకటి తప్పనిసరి. కిందపడితే లోపలి రెండున్నర కిలోలూ ఒక్క కుదుపులో మూతని ఎన్నో రెట్ల బలంతో తంతాయి, ఈ సైజు అయస్కాంతాలు దానికి ఆగవు.

పొరచెక్క:
మెమరీ కార్డులకి ఈ అయస్కాంతాలతో ఇబ్బంది లేదు. ముల్లు తిరిగే గడియారం, దిక్సూచి, అయస్కాంత పట్టీ ఉన్న బ్యాంకు కార్డులు మాత్రం ముందు అంచు దగ్గర పెట్టకండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ అంచుని గుండెకి ఆనించి మోయకూడదు, కనీసం 15 సెం.మీ. దూరం ఉండాలి.