స్ప్రింట్‌ని 'పరుగు' అనకుండా 'వాయి' అంటే ఎలా ఉంటుంది?

మా సాఫ్ట్‌వేర్ టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలకి స్క్రమ్ గురించి, అంటే పనిని చిన్న చిన్న ముక్కలుగా పూర్తిచేసి చూపిస్తూ సాగే పద్ధతి గురించి, తెలుగులో చెబుదామని కూర్చున్నాను. అందులో ఒక్కో ముక్క పూర్తిచేయడానికి పెట్టుకునే కొద్ది వారాల గడువే స్ప్రింట్. దానికి అందరూ 'పరుగు' అని రాస్తున్నారు, నాకు అది అస్సలు నచ్చలేదు. పరుగు అనగానే వేగమే గుర్తొస్తుంది కదా. ఇంతకుముందు నేను పనిచేసిన చోట అజైల్ (స్క్రమ్ లాంటి పద్ధతుల వెనకున్న ఆలోచన) అంటే గబగబా చెయ్యడమే అనుకున్నారు, రెండు వారాలకోసారి రాత్రుళ్లు మేలుకుని ఏదో ఒకటి పూర్తిచేసేవాళ్లం, తీరా కస్టమర్ దాన్ని చూసింది ఏడాది తర్వాత. చూసి, మేం అడిగింది ఇది కాదన్నాడు.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని స్నోబర్డ్‌లో 17 మంది కలిసి రాసిన అజైల్ మేనిఫెస్టోలో నాలుగు విలువలున్నాయి, వాటిలో వేగం ఊసే లేదు. పైగా దాని వెనకున్న 12 సూత్రాల్లో ఒకటి, ఎంతకాలమైనా ఒకే తీరుగా సాగించగలిగేలా పని ఉండాలంటుంది. పరుగు అలా సాగదు.

అందుకే 'వాయి'. గారెలు వండేటప్పుడు మొదటి వాయి తీసి ఒకటి తుంచి ఉప్పు చూస్తాం, పిండి జారుగా ఉంటే కాస్త బియ్యప్పిండి కలిపి రెండో వాయి వేస్తాం. పిండంతా వండేశాక రుచి చూసి చేసేదేముంది? పైగా మొదటి వాయి కూడా తినడానికి పనికొచ్చే గారెలే, సగం కాలినవి కాదు. స్ప్రింట్ చివర చేతికి రావాల్సిందీ అలాంటిదే, చిన్నదైనా వాడుకోవడానికి పనికొచ్చేది. మీరేమంటారు?

— మాట బాగుందమ్మా. మా ఇంట్లో 'వాయ' అంటాం, ఇడ్లీకీ అదే మాట. కాకపోతే ఒక ఇబ్బంది ఉంది, వాయి అనేది మూకుడులో ఎన్ని పడితే అన్ని, దానికి గడువంటూ ఉండదు. స్ప్రింట్‌కి గడువే ప్రాణం కదా, నెలకి మించకూడదు, మొదలయ్యాక పొడిగించకూడదు. ఆ లెక్కన 'విడత' మేలేమో చూడు.

— విడత గురించి నేనూ ఆలోచించానండీ. కానీ విడత అంటే రుణమాఫీ, పోలింగ్ గుర్తొస్తాయి, రుచి చూసి సవరించుకోవడం అందులో వినపడదు. గడువు సంగతి 'రెండు వారాల వాయి' అంటే తీరిపోతుంది.

— అక్కా, మరి స్క్రమ్‌కి ఏం మాట? రగ్బీ ఆటలోది అని మాత్రం తెలుసు.

— అవును, రగ్బీలో రెండు జట్లవాళ్లూ ఎనిమిదేసి మంది భుజాలు కలిపి ఒకరినొకరు నెట్టుకుంటారే, అదే. 1986లో తకెయూచి, నొనాకా అనే ఇద్దరు జపాన్ ఆచార్యులు కొత్త వస్తువుల తయారీ గురించి రాస్తూ రగ్బీ పోలిక తెచ్చారు. రిలే పందెంలోలా ఒకరి పని అయ్యాక ఇంకొకరికి అందించడం కాదు, జట్టంతా కలిసి బంతిని ముందుకి తీసుకెళ్లాలని. స్క్రమ్ పద్ధతిని రూపొందించిన ష్వాబర్, సదర్లాండ్ 1995లో ఒక సదస్సులో దాన్ని వివరించారు. దీనికి మాత్రం తెలుగు మాట వద్దు తమ్ముడూ, స్క్రమ్ అనే ఉంచుదాం. రగ్బీ మన ఊళ్లలో ఆడే ఆట కాదు, మాట మార్చినా బొమ్మ కళ్లకి కట్టదు.

— టీమ్‌లో స్క్రమ్ సరిగ్గా సాగేలా చూసే స్క్రమ్ మాస్టర్‌ని 'మేస్త్రీ' అనొచ్చా?

— వద్దండీ, దయచేసి. మేస్త్రీ పని పురమాయిస్తాడు. స్క్రమ్ మాస్టర్ చెయ్యకూడనిది సరిగ్గా అదే, ఎవరేం చెయ్యాలో టీమే తేల్చుకోవాలి. రోజూ జరిగే 15 నిమిషాల మాటలు హాజరు పట్టీలా మారిపోతున్నది కూడా ఈ పొరపాటు వల్లే. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డమేంటి అన్న మూడు ప్రశ్నల్ని స్క్రమ్ నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్ 2020 కూర్పులోంచి తీసేశారు కూడా. ఆ సమయం టీమ్‌వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి, పైవాళ్లకి లెక్క చెప్పడానికి కాదు.

— నీ వాయి ఇంకో చోట కూడా అతుకుతుందమ్మా. స్ప్రింట్ చివర జరిగే రెండు సమావేశాలు, రివ్యూకీ రెట్రోస్పెక్టివ్‌కీ తేడా అడిగితే నా దగ్గర చదువుకునే పిల్లలు తడబడతారు. రివ్యూ అంటే ఉప్పు చూడటం, తినేవాళ్లని కూడా పిలిచి. రెట్రోస్పెక్టివ్ అంటే మంట ఎక్కువైందా, నూనె సరిగ్గా కాగకముందే వేశామా అని వండినవాళ్లు మాట్లాడుకోవడం.

— మాస్టారూ, ఇది నాకు తట్టలేదు! రేపు పిల్లలకి ఇలాగే చెబుతాను.