హై ఫ్రీక్వెన్సీ అల్ట్రాసౌండ్ పేటెంట్లు చదివినవాళ్లు ఉన్నారా?

కంది_కుర్రాడు:
ఎంటెక్ ప్రాజెక్టుకి చర్మం స్కాన్ చేసే చిన్న ప్రోబ్ తయారు చేస్తున్నాం. టొరంటోలో పనిచేసిన స్టూవర్ట్ ఫోస్టర్ పేటెంట్లు చదవమన్నారు మా గైడ్ గారు. నెల నుంచి కుస్తీ పడుతున్నా, సగం బుర్రకెక్కడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రోబ్_ప్రసాద్:
ముందు ఆయన విప్పిన చిక్కేమిటో పట్టుకోండి తమ్ముడూ. కడుపు స్కానింగ్ 3 నుంచి 5 మెగాహెర్ట్జ్‌లో చేస్తారు. కంటి డాక్టర్ చార్లెస్ పావ్లిన్‌తో కలిసి ఫోస్టర్ 1990ల మొదట్లోనే 50 దాకా వెళ్లారు. ఒంట్లో శబ్దం సెకనుకు సుమారు 1540 మీటర్లు పోతుంది కదా, 50 దగ్గర తరంగం పొడవు 0.03 మిల్లీమీటర్లే. అందుకే అంత సన్నని వివరం కూడా దొరుకుతుంది. కాకపోతే 5 మిల్లీమీటర్ల లోతుకు వెళ్లేసరికి సిగ్నల్ చచ్చిపోతుంది. ఈ బేరం మనసులో పెట్టుకుని బొమ్మలు చూడండి, తర్వాత క్లెయిములు, అంటే దేని మీద హక్కు అడుగుతున్నారో చెప్పే వాక్యాలు. వివరణ చివర్న చదివినా ఫర్వాలేదు.

లత_మెహదీపట్నం:
నాకు సాంకేతికం తెలియదు కానీ, మా అమ్మకి గ్లాకోమా అనుమానంతో ఆ యూబీఎం పరీక్షే చేశారు, అంటే ఈ హై ఫ్రీక్వెన్సీ అల్ట్రాసౌండ్‌తో కంటి ముందు భాగం చూసేది. చుక్కలు వేసి, రెప్పల మధ్య చిన్న గిన్నెలాంటిది పెట్టి, సెలైన్ నింపి, అందులో ప్రోబ్ ముంచారు. మధ్యలో గాలి ఉంటే శబ్దం కంట్లోకి పోదట. నల్లగుడ్డు చుట్టూ ఉండే రంగు పొర వెనకాల ఏముందో తెర మీద చూపించారు. మామూలు దీపంతో అది కనిపించదన్నారు. ఇది కనిపెట్టినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

పాత_ఇంజనీర్:
నా అనుభవం చెబుతా, మీరు ఆ తప్పు చేయకండి. మా ట్రాన్స్‌డ్యూసర్ (ప్రోబ్‌లో శబ్దం పంపి, తిరిగొచ్చేది పట్టే భాగం) డిజైన్ మొత్తం వీడియో తీసి ముందే నెట్‌లో పెట్టేశాం. తర్వాత పేటెంట్‌కి వేస్తే, ముందే బయటపెట్టింది కొత్తది కాదంటూ ఎగ్జామినర్ రిపోర్టులో ఆ వీడియోనే మా మీదకు తెచ్చారు. రెండేళ్ల శ్రమ పోయింది, ఇప్పటికీ బాధే. ఇంకో మాట, మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఐ) ప్రకారం రోగ నిర్ధారణ పద్ధతికి పేటెంట్ రాదు. పరికరం మీద రాసుకోండి. హైదరాబాద్ వాళ్ల దరఖాస్తులు చెన్నై ఆఫీసు కిందకు వస్తాయి.

కంది_కుర్రాడు:
చాలా థ్యాంక్స్ అండీ. ఫోస్టర్ గారి పేటెంట్లోది ఏదైనా వాడితే కేసు అవుతుందా?

పాత_ఇంజనీర్:
పేటెంట్ ఏ దేశంలో ఇస్తే ఆ దేశంలోనే చెల్లుతుంది, అదీ దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. ఒక్కోదానికీ ఇండియాలో తీసుకున్నారా, ఇంకా అమల్లో ఉందా అని విడివిడిగా చూసుకోండి.

కంది_కుర్రాడు:
మా డెమో వీడియో ఎడిటింగ్ కూడా అయిపోయింది, ఆదివారం పెడదామనుకున్నాం. ఆపేశాను. రేపే గైడ్ గారితో ప్రొవిజనల్ గురించి, అంటే పూర్తి దరఖాస్తుకు ముందు వేసే తొలి పేటెంట్ దరఖాస్తు గురించి మాట్లాడతా.