మిద్దె మీద 70 కుండీలు, మొండికేస్తున్న మణికట్టు: ఏ క్యాన్ కొనమంటారు?

కుషాయిగూడ అత్తమ్మ

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, కుషాయిగూడ వైపు. రెండంతస్తుల ఇల్లు, పైన మిద్దె తోట. చిన్నా పెద్దా కలిపి 70 కుండీలు, వాటిలో ఆకుకూరల టబ్బులు పన్నెండు. నాకు 58 ఏళ్లు. మా వారికి కూడా మొక్కలంటే ఇష్టమే, కాస్త దూరం నుంచి.

ఐదేళ్లుగా బకెట్టు, మగ్గుతోనే నెట్టుకొచ్చాను. వంగకీ టమాటాకీ మగ్గుతో ఇబ్బందేం లేదు. ఒంగి మొదట్లో పోసేస్తే అయిపోతుంది. గొడవంతా ఆకుకూరల దగ్గరే. పోయిన నెల ఎర్ర తోటకూర చల్లాను. ఆ గింజ ఎంతుంటుంది, ఆవగింజలో సగం కూడా ఉండదు. పైన పల్చగా మట్టి చల్లి, నా లెక్కలో మెల్లగానే మగ్గుతో నీళ్లు పోశాను. వారం తర్వాత చూస్తే టబ్బు మధ్యలో ఒక్క మొలక లేదు. ఎడమ మూలన మాత్రం చాప పరిచినట్టు ఎర్రగా మొలిచింది. టబ్బు అటువైపు ఒక వేలెడు వాలి ఉందని అప్పుడు గమనించాను. నీళ్లతో పాటు గింజలన్నీ అక్కడికే కొట్టుకుపోయాయి. మా కోడలు చూసి "అత్తమ్మా, వీళ్లందరికీ ఆ మూలన ఏమన్నా మీటింగుందా?" అంది.

ఇక లాభం లేదని మొక్కలకి నీళ్లు పోసే ఆకుపచ్చ ప్లాస్టిక్ క్యాన్ తెచ్చాను, 10 లీటర్లది. మూడో రోజున దాని జల్లు మూత ఊడి మెంతికూర టబ్బులో పడింది, దాని వెనకే క్యాన్‌లో ఉన్న నీళ్లన్నీ. మెంతులు పైకి తేలాయి. మూతకి మరలు లేవు, ఊరికే నొక్కి పెట్టేది. పైగా నిండా నింపితే నా కుడి మణికట్టు ఒప్పుకోవట్లేదు. సగమే నింపుదామంటే, ఈ ఎండలకి కుండీకి లీటరు చొప్పున వేసుకున్నా, మెట్ల గది దగ్గరున్న నల్లాకి పద్నాలుగు సార్లు తిరగాలి.

ఇది చూసి మా అబ్బాయి ఆన్‌లైన్‌లో స్ప్రే గన్ తెప్పించాడు. ఎనిమిది రకాల జల్లులట. కింద కారు కడిగితే బ్రహ్మాండంగా కొడుతోంది. అదే పైపుతో మిద్దె మీద బిగిస్తే చంటిపిల్లాడు చొంగ కార్చినట్టు కారుతోంది. ఎందుకో అర్థం కాలేదు.

రేకు క్యాన్ మంచిదా, ప్లాస్టిక్‌దా? ఇత్తడి మూతకి అంత డబ్బు పెట్టొచ్చా? ఎన్ని లీటర్లది తీసుకోవాలి? డ్రిప్ పెట్టించుకోమని మాత్రం చెప్పకండి, ఇంట్లో ఇప్పటికే ఇద్దరు చెప్పారు. పొద్దున్నే ఒక్కో కుండీ దగ్గర ఆగితేనే ఏ ఆకు వెనక ఏ పురుగుందో తెలుస్తుంది. ఆ ముప్పావు గంట నాది.

ఇసకనేల

అక్కయ్య గారూ, మాది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాను గానీ, నీళ్లు పోయడం నేర్చుకుంది మాత్రం మా తాత దగ్గరే. ఆయన కూరగాయలన్నీ దొరువు నీళ్లతోనే పండించాడు. దొరువంటే ఇసకలో ఏటవాలుగా తవ్విన గుంట. పైపైనే మంచినీళ్లు ఊరతాయి. లోతుకు పోతే అడుగునున్న ఉప్పునీళ్లు తగులుతాయి. అందుకే వెడల్పు చేస్తారు గానీ లోతు చెయ్యరు. మా తాత అందులోకి దిగి రెండు కుండలు ముంచుకుని, రెండు చేతులా పట్టుకుని పైకొచ్చేవాడు. ఒక్క కుండతో వస్తే నన్ను తిట్టేవాడు, "ఒంటి బరువు నడుముని తినేస్తదిరా" అని.

మీ మణికట్టుకి నేను చెప్పేదీ అదే. 10 లీటర్లది ఒకటి వద్దు, 5 లీటర్లవి రెండు తీసుకోండి. లీటరు నీళ్లంటే కిలో బరువు. చేతికి ఐదు కిలోలు, క్యాన్ బరువు అదనం. అటూ ఇటూ సమానంగా ఉంటే నడక వంకర పోదు. నల్లా దగ్గరికి ఏడుసార్లు వెళ్తే సరిపోతుంది.

ఇక తోటకూర సంగతి. నారుమడికి మా తాత కుండ వంచి, మూతి దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు వదిలేవాడు. కళ్ళాపి చల్లినట్టు విసిరేవాడు కాదు. ఆ చేతి పనే రోజ్ క్యాన్ (జల్లు మూత ఉన్న క్యాన్) ముందున్న మూత చేస్తుంది. అసలు క్యాన్ కన్నా ఆ మూతే ముఖ్యం. చిల్లులు సన్నగా, దగ్గరదగ్గరగా ఉండాలి. మర తిప్పి బిగించేదై ఉండాలి. బిగించేటప్పుడు చిల్లులు ఆకాశం వైపు చూడాలి. చాలామంది నేల వైపు పెడతారు, అప్పుడు నీళ్లు నేరుగా మట్టిని కొడతాయి. పైకి పెడితే నీళ్లు ఎగిరి, వంగి, ఊపు చచ్చి రాలతాయి.

ఇంకో కిటుకు. టబ్బు మీదే వంచడం మొదలుపెట్టకండి. మొదట్లో, చివర్లో లావు చుక్కలు పడతాయి, గింజని లేపేవి అవే. టబ్బు పక్కన నేల మీద మొదలుపెట్టి, జల్లు కుదిరాక టబ్బు మీదికి తెచ్చి, దాటించాకే ఆపండి. నాలుగు చుక్కలు గచ్చు మీద పడితే పడనీండి.

కొట్లో ఒక పని చెయ్యండి. నీళ్లు అడిగి క్యాన్ నిండా నింపి చూడండి. ముక్కు కొస క్యాన్ అంచు కన్నా కిందికి ఉంటే, నింపుతుండగానే ముక్కులోంచి కారిపోతుంది. 5 లీటర్లని అమ్మేవాటిలో మూడున్నర కూడా పట్టనివి చూశాను నేను.

రేకా ప్లాస్టిక్కా అంటే, ప్లాస్టిక్ ఎండలో వదిలేస్తే పెళుసెక్కి పగులుతుంది. రేకుది అతుకుల దగ్గర తుప్పు పడుతుంది. నీడన పెట్టుకుంటే ప్లాస్టిక్, వాడాక బోర్లించే ఓపికుంటే రేకు. మీరు బోర్లించే మనిషిలాగే ఉన్నారు.

నూనె డబ్బా బ్యాచ్

అత్తమ్మా, కొనేముందు ఒక పైసా ఖర్చు లేని పని చూడండి. 5 లీటర్ల వంటనూనె డబ్బాని సర్ఫ్ నీళ్లతో రెండుసార్లు కడగండి, జిడ్డు పోవాలి. మూతకి కాల్చిన సూదితో ముప్పై చిల్లులు. పిడి పైన, బొటనవేలు ఆనేచోట ఇంకో చిల్లు. దాని మీద వేలు పెడితే నీళ్లు ఆగిపోతాయి, తీస్తే వస్తాయి. కుండీకీ కుండీకీ మధ్య ఒక్క చుక్క వృథా కాదు. నా దగ్గర ఇలాంటివి నాలుగున్నాయి. చూడ్డానికి అందంగా ఉండవు, మా ఆవిడ చుట్టాలొస్తే దాచేస్తుంది.

మోటార్ల దగ్గర పని

మేడం, మీ స్ప్రే గన్ తప్పు లేదు, పైపు తప్పు లేదు. అంతా ఎత్తు లెక్క. ట్యాంకులో నీటిమట్టం మీ నల్లా కన్నా 10 మీటర్లు పైనుంటే సుమారు ఒక బార్ ప్రెషర్ వస్తుంది. మీ ట్యాంకు మెట్ల గది పైన ఉందనుకుంటున్నాను. మిద్దె నేల నుంచి మహా అయితే మూడు మీటర్లు. అంటే 0.3 బార్. గన్‌లో ఉన్న సన్న దారుల్లోంచి, స్ప్రింగ్‌లోంచి నీళ్లు దూకాలంటే అది ఏ మూలకీ చాలదు. కింద కారు దగ్గరికి వచ్చేసరికి పదిపన్నెండు మీటర్ల ఎత్తు కలుస్తుంది, అందుకే అక్కడ కొడుతోంది. మిద్దె తోట వాళ్లు నూటికి తొంభై మంది ఈ గన్ కొని అటకెక్కిస్తారు. (తొంభై అనేది నా నోటి లెక్క, పట్టించుకోకండి.)

పైపు వాడాలనుంటే గన్ తీసేసి, పెద్ద చిల్లుల షవర్ తల బిగించండి. ఎండాకాలం మధ్యాహ్నం పైపులో నిలిచిన నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి, ముందు వాటిని బకెట్టులోకి వదిలెయ్యండి.

క్యానే కావాలంటే దాన్ని నల్లా కింద నింపకండి, ఆ ప్రెషర్‌కి అదో ధ్యానం. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి కుండీల మధ్యలో పెట్టి రాత్రి నల్లా వదిలి నింపుకోండి. పొద్దున ముంచుకోవడం మూడు సెకన్ల పని. అయితే నిండు డ్రమ్ము 200 కిలోలు. స్లాబు మధ్యలో కాదు, కింద గోడో బీమో ఉన్నచోట పెట్టండి. పైన దోమతెర బిగించి కట్టండి. డెంగీ దోమకి మంచినీళ్లే కావాలి, వారం పది రోజులు నీళ్లు కదలకపోతే పిల్లలతో సహా ఎగురుతుంది. క్యాన్ అడుగున మిగిలే గుక్కెడు నీళ్లకీ ఇదే వర్తిస్తుంది.

రెడింగ్ నుంచి

నేను ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. ఇక్కడ 2022 ఆగస్టులో కరువొచ్చి పెరట్లో పైపు వాడొద్దన్నారు. క్యాన్‌తో పోసుకోవచ్చన్నారు. వానల దేశంలో కూర్చుని బెండ మొక్కలకి క్యాన్ మోస్తానని ఎప్పుడూ అనుకోలేదు. అప్పుడే తెలిసింది, ఇక్కడివాళ్లు ఎగబడే హాజ్ క్యాన్‌కి 1886లో పేటెంట్ తీసుకున్నారట. మోయడానికీ వంచడానికీ మిగతావాటికన్నా తేలికని జాన్ హాజ్ అనే ఆయన అందులో రాసుకున్నాడు. దాని ముక్కు పొడుగ్గా ఉంటుంది, ఇత్తడి మూత చిల్లులు పైకే చూస్తాయి, పైన ఇసకనేల గారి తాత చెయ్యిలాగే. ధర చూసి కొనలేదు లెండి. ప్లాస్టిక్ క్యాన్‌కి ఇత్తడి మూత మాత్రం విడిగా కొన్నాను, పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది. అత్తమ్మ గారూ, మీరు కొనేటప్పుడు ముక్కు పొడవు చూడండి. వెనక వరస కుండీలకి ఒంగకుండా అందుతుంది.

కుషాయిగూడ అత్తమ్మ

మూడు వారాలైంది, ఏం చేశానో చెప్తాను.

ముందు నూనె డబ్బా చేశాను. బొటనవేలు కిటుకు భలే నచ్చింది. మా మనవడు దాన్ని నా చేతికివ్వట్లేదు.

తర్వాత మా వారిని వెంటేసుకుని రాణిగంజ్ వెళ్లాను. రేకువి, 5 లీటర్లవి రెండు, ముక్కు పొడుగువి. కొట్లో నీళ్లడిగితే ఆ అబ్బాయి నన్ను ఎగాదిగా చూశాడు. మంచినీళ్ల క్యాన్‌లోంచి ఇచ్చాడు పాపం. నింపి పట్టుకుంటే ఒకదాని ముక్కు అతుకు దగ్గర సన్నగా చెమ్మ. మార్చి ఇంకోటి ఇచ్చాడు, దానికీ చెమ్మే. నాలుగోది దొరికే సరికి కొట్టంతా తడి, మా వారు పక్క కొట్లో టీ తాగుతున్నారు. ఇత్తడి మూత ఒక్కటే కొన్నాను. రెండో క్యాన్‌కి మూత లేదు, అది పెద్ద కుండీలకి మొదట్లో పోయడానికి. టమాటా ఆకుల మీద నీళ్లు పడితే మచ్చ తెగులు ఒకదాన్నుంచి ఒకదానికి చిమ్ముతుంది కాబట్టి వాటికి జల్లు ఎటూ వద్దు.

డ్రమ్ము మెట్ల గది గోడకి ఆనించి పెట్టాం. ముంచుతుంటే హాయిగా ఉంది. నడక తగ్గలేదు గానీ నల్లా కింద నిలబడే పని తప్పింది.

పదిహేను రోజులకి ఇత్తడి మూత సగం చిల్లులు మూసుకుపోయాయి. మాది బోరు నీళ్లు, గీజరులో పట్టే తెల్ల సుద్దే ఇక్కడా పట్టింది. సూదితో పొడవబోయి ఆగాను, చిల్లు పెద్దదైపోతుంది కదా. దేవుడి సామాను తోమే చింతపండు గుర్తొచ్చింది. మూత విప్పి, గిన్నెలో చింతపండు పులుసులో రాత్రంతా నానబెట్టి, పొద్దున పాత బ్రష్షుతో రుద్దాను. చిల్లులన్నీ తెరుచుకున్నాయి, మూత కూడా కొత్త కాసులా మెరిసింది. రేకు క్యాన్‌లో మాత్రం పులుసు పోయకండి, పైనున్న జింకు పూత పోతుంది.

తోటకూర మళ్లీ చల్లాను. ఈసారి టబ్బు కింద పెంకు ముక్క పెట్టి సమం చేసి, గచ్చు మీద మొదలుపెట్టి, చిల్లులు పైకి పెట్టి పోశాను. ఐదో రోజు నుంచి టబ్బంతా సమానంగా లేచింది. కోడలికి చూపించాను. "మీటింగు వాయిదా పడ్డట్టుంది" అంది.

కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఎక్కువ కలిపిన రెండు కుండీలు ఇబ్బంది పెట్టాయి. ఊరెళ్లి వచ్చేసరికి ఎండి గట్టిపడ్డాయి. పైనుంచి పోస్తే కుండీ అంచుల వెంట జారి కింది నుంచి కారిపోతున్నాయి, మధ్యలో వేలు పెడితే పొడి. మొదట కొంచెం జల్లు కొట్టి, పది నిమిషాలాగి మళ్లీ పోస్తే పీల్చుకున్నాయి.

ఒక్కటే మిగిలింది. వరండా చూరుకి వేలాడే కుండీలు ఆరున్నాయి. క్యాన్ భుజం పైకి లేపలేను, మగ్గు పట్టుకుని స్టూలెక్కుతున్నాను. దిగమని కోడలు రోజూ అరుస్తోంది. దానికేమన్నా ఉపాయం ఉందా?

ఇసకనేల

స్టూలెక్కొద్దు అక్కయ్యా. గిలక వేయించండి. పాత సామాన్ల కొట్లో చిన్న గిలకలు దొరుకుతాయి. కుండీని నడుం ఎత్తుకి దించి, నీళ్లు పోసి, కారడం ఆగాక పైకి లాగి తాడు గోడ కొక్కేనికి కట్టెయ్యండి. తాడు నైలాన్‌ది తీసుకోండి, కొబ్బరి తాడు తడికి కుళ్లుతుంది. పైకి లాగే పని మాత్రం మా బావగారికి అప్పజెప్పండి, టీ తాగాక.