జింక్ ఆక్సైడ్‌లో పీ-టైప్ కోసం ఇంకా వెంటపడాలా, వదిలేయాలా?

సన్నపొర: మా ల్యాబ్‌లో రోజూ నడిచే గొడవ ఇది, ఇక్కడ పెడుతున్నా. పీ-టైప్ అంటే ఎలక్ట్రాన్ల బదులు హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు) కరెంట్ మోసే సెమీకండక్టర్. జింక్ ఆక్సైడ్ ఎక్సైటాన్ (జంట కట్టిన ఎలక్ట్రాన్, హోల్) బంధన శక్తి 60 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, గాలియం నైట్రైడ్‌కి అందులో సగం కూడా లేదు, గది ఉష్ణోగ్రత దగ్గర వేడి ఇచ్చే శక్తి 26 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే కాబట్టి ఎక్సైటాన్లు చెదిరిపోవు, అంటే బుల్లి యూవీ లేజర్లకి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి. కరెంట్‌తో వెలిగించాలంటే ఎన్-టైప్ (ఎలక్ట్రాన్లు మోసేది) పక్కన పీ-టైప్ పొర కావాలి, తీరా చూస్తే అది నిలబడదు. ఇన్నేళ్లయింది, ఇక ఆపేద్దాం అంటాను నేను.

రాత్రిషిఫ్ట్: ఆపేద్దాం అనడం తేలికే బాసూ. గాలియం నైట్రైడ్‌ని కూడా ఒకప్పుడు ఇలాగే పక్కన పెట్టేశారు, పీ-టైప్ చేద్దామని మెగ్నీషియం ఎంత వేసినా పని చెయ్యలేదు, హైడ్రోజన్ దాన్ని పట్టుకుని కూర్చుందని తెలిశాక వేడి చేసి తరిమేశారు, అంతే దారి పడింది, 2014లో నోబెల్ కూడా వచ్చింది. 2005లో సుకజాకి, కవసాకి వాళ్లు నైట్రోజన్ వేసి జింక్ ఆక్సైడ్‌తోనే ఎల్‌ఈడీ వెలిగించారు కదా, మరి అదేంటి?

సన్నపొర: వెలిగింది, కాదనను. కానీ ఆ పోలిక కుదరదు. అక్కడ హైడ్రోజన్ పోతే మెగ్నీషియం బాగానే పనిచేస్తుంది. ఇక్కడ హైడ్రోజన్ తనే డోనర్, అంటే ఎలక్ట్రాన్లిచ్చి ఎన్-టైప్ చేసేది, సిద్ధాంత లెక్కలు చేసే వాన్ డి వాలె 2000లోనే లెక్కకట్టి చూపించాడు. సరే దాన్ని తరిమేశాం అనుకో, ఆక్సిజన్ 2పీ ఆర్బిటాళ్ల వల్ల వేలెన్స్ బ్యాండ్ (హోల్స్ పుట్టే శక్తి మట్టం) బాగా కిందుంది, నైట్రోజన్ లెవెల్ దానికి ఎలక్ట్రాన్ వోల్టు పైనే దూరంలో ఉందని 2009 నాటి లెక్కలు. గది వేడికి హోల్స్ ఎక్కణ్నించి వస్తాయి?

హాల్‌మీటర్: నా అనుభవం చెప్తా, నవ్వకండి. సెంటీమీటర్ ముక్కకి నాలుగు మూలలా ఇండియం చుక్కలు పెట్టి హాల్ (అయస్కాంతం దగ్గర పెట్టి కరెంట్ మోసేవి ప్లస్సా మైనస్సా చూసే పరీక్ష) కొలిస్తే ప్లస్, అంటే పీ-టైప్ అని వచ్చింది, గైడ్‌కి మెయిల్ కూడా కొట్టేశా. వారం తర్వాత అదే ముక్క మైనస్. ఒక చుక్క గీకేసి కొంచెం లోపలికి పెడితే మళ్లీ ప్లస్!! ఫిల్మ్ అంతటా ఒకేలా లేకపోతే, మొబిలిటీ (కరెంట్ మోసేవి కదిలే సులువు) కూడా తక్కువైతే గుర్తు ఇలాగే తిరగబడుతుందట, అప్పటికి నాకు తెలీదు. పేపర్లలో ప్లస్ ఒక్కసారి కొలిచి రాసేసినవి ఎన్నో, దేవుడికే తెలియాలి.

గాజుపలక: అసలు పీ-టైప్ లేకపోతే కొంప మునిగిందా? 2004లో హోసోనో గ్రూపు గది ఉష్ణోగ్రత దగ్గర ప్లాస్టిక్ మీద ఇండియం గాలియం జింక్ ఆక్సైడ్ ట్రాన్సిస్టర్ చేసింది, ఎన్-టైప్ ఒక్కటే, ఇవాళ డిస్‌ప్లేల్లో ఉంది. లైట్ కావాలా, ఆరు పలకల జింక్ ఆక్సైడ్ మైక్రోరాడ్లు ఉన్నాయి, గోడలకి తగిలి వెలుగు లోపలే తిరుగుతుంది, అద్దాలు కూడా అక్కర్లేదు.

రాత్రిషిఫ్ట్: ఆ రాడ్డుని వెలిగించడానికి పక్కన ఇంకో పెద్ద లేజర్ పెట్టాలిగా 😀 దాన్ని మైక్రో డివైస్ అంటే ఎలా. పీ-టైప్ జింక్ ఆక్సైడ్ బదులు కింద పీ-టైప్ గాలియం నైట్రైడ్ పెట్టారంటే, సగం సార్లు వెలుగు ఏ పక్క నుంచి వస్తోందో తేల్చుకోవడానికే ఇంకో పేపర్ రాయాలి.

సన్నపొర: అది ఒప్పుకుంటా. అయినా పీ-టైప్ వచ్చిందనేవాళ్లు నెలల తర్వాత కొలిచిన గ్రాఫ్ పెట్టాలి, లేకపోతే నేను నమ్మను.

రాత్రిషిఫ్ట్: ఇందులో నాకూ పేచీ లేదు. హాల్‌మీటర్ గారూ, ఆ ముక్క ఇంకా ఉందా? ఉంటే రెండు రోజులు చీకట్లో పెట్టి అప్పుడు కొలవండి, ట్యూబ్‌లైట్ కింద పెట్టిన జింక్ ఆక్సైడ్ కండక్టివిటీ గంటల తరబడి దిగదు.

హాల్‌మీటర్: డబ్బాలోనే ఉంది, ఫాయిల్ చుట్టి పెడతా. చుక్కలు మాత్రం ఈసారి అంచులకే.