పెట్టకి గుడ్డు దారిలో ఇన్‌ఫెక్షన్, ఎవరైనా నయం చేశారా?

మాది అమలాపురం దగ్గర పల్లె. పెరట్లో ఉన్న నాటుకోళ్లలో డేగ రంగు పెట్ట ఒకటి కొన్నాళ్లు తోలుగుడ్లు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు) పెట్టి, తర్వాత పూర్తిగా మానేసింది. మొన్న గూట్లో గుడ్డు బదులు పసుపుపచ్చ ముద్ద కనిపించింది. కోసి చూస్తే ఉల్లిపాయలా పొరలు పొరలుగా, గట్టిపడిన చీము, ఒకటే కంపు.

ఇప్పుడు దాని పొట్ట కింది భాగం ఉబ్బి వేడిగా ఉంది. కాళ్లు ఎడంగా పెట్టి, నిటారుగా నడుస్తోంది. నూకలు చల్లితే పరిగెత్తుకొస్తుంది గానీ నాలుగు గింజలు ఏరి అలా నిలబడిపోతుంది. వెనక ఈకలకి తెల్లటి రెట్ట అంటుకుంటోంది. మిగతా కోళ్లన్నీ బాగానే ఉన్నాయి కాబట్టి కొక్కెర తెగులు (ఒకదాన్నుంచి ఒకదానికి వేగంగా అంటుకునే కోళ్ల జబ్బు) అనుకోవడం లేదు.

పశువుల డాక్టరు గారు అండవాహికలో ఇన్‌ఫెక్షన్ అన్నారు, ఎక్కువగా ఈ-కోలై అనే బాక్టీరియా వల్లే వస్తుందట. ఎన్‌రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ నీళ్లలో కలిపి ఇమ్మన్నారు. ఇది నీళ్లే సరిగ్గా తాగడం లేదు, మందు ఎంత లోపలికి పోతోందో తెలియక టెన్షన్‌గా ఉంది. సిరంజితో నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయం. మీరెలా పట్టించారు? పొట్టలో నీరు సూదితో తీయించిన వాళ్లున్నారా, తీశాక మళ్లీ చేరిందా? కోలుకున్నాక మళ్లీ గుడ్లు పెట్టిందా? ఆ గుడ్లు ఎన్నాళ్లు తినకూడదు?

మా అత్తగారేమో "కోసి కూర వండేయ్" అంటున్నారు. మందు పడ్డ జబ్బుకోడిని ఎలా తింటామండీ! దగ్గర్లో కోళ్ల జబ్బులు బాగా తెలిసిన డాక్టర్లుంటే చెప్పండి, రాజమండ్రి అయినా తీసుకెళ్తాను.