కళాశాల హాకీ జట్టును రెండో డివిజన్ నుంచి మొదటి డివిజన్‌కు తీసుకువెళ్ళవచ్చునా?

ప్రశ్న: బరంపురం నుంచి, విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు

సభ్యులందరికీ నమస్కారం. నేను గంజాం జిల్లాలో ఒక కళాశాలలో ఇరవై ఆరేళ్ళు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించినవాణ్ణి. హాకీ అంటే నాకు తెలిసినది నేల మీద ఆడే హాకీయే. అయినా మంచు మీద ఆడే హాకీ గురించి అడగవలసిన అవసరం వచ్చింది. మా చిన్నవాడు అమెరికాలో, న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు చిన్న కళాశాల ఒకదానిలో ఎం.బి.ఎ. చదువుతూ, అక్కడి క్రీడావిభాగంలో లెక్కలు చూసే గుమస్తాలకు సాయంగా పనిచేస్తున్నాడు. పురుషుల హాకీ జట్టును మొదటి డివిజన్‌కు తీసుకువెళితే అయ్యే ఖర్చులపై ఒక నివేదిక తయారుచేసే పనిలో వాడినీ చేర్చారు. ముసాయిదా నాకు పంపి, "నాన్నగారూ, మీరు జట్టును నడిపినవారు కదా, చూసి చెప్పండి" అన్నాడు.

వాడు చెప్పినదాన్నిబట్టి నాకు అర్థమైనది ఇది. అక్కడి కళాశాలల క్రీడలను నడిపే ఎన్.సి.ఎ.ఎ. అనే సంస్థ కళాశాలలను మూడు డివిజన్లుగా విభజించింది. వీరి కళాశాల ఆటలన్నీ రెండో డివిజన్‌లో ఉన్నాయి. అయితే పురుషుల హాకీకి రెండో డివిజన్‌లో జాతీయ టోర్నమెంటు 1999తో ఆగిపోయింది. మొదటి, మూడో డివిజన్లకు మాత్రం ఉంది. అంటే ఈ పిల్లలు ఏడాదంతా ఆడి చుట్టుపక్కల నాలుగైదు కళాశాలల మధ్య ఒక కప్పు గెలుచుకోవడం తప్ప, ఆపైన చేరుకోవలసిన చోటంటూ లేదు. ఈ కారణంగానే రెండో డివిజన్ కళాశాలలు హాకీ ఒక్కదాన్నీ మొదటి డివిజన్‌లో ఆడించుకోవడానికి నియమాలు ఒప్పుకుంటాయట.

వెళితే కళాశాల పేరు నలుగురికీ తెలుస్తుందనీ, పూర్వవిద్యార్థుల విరాళాలు పెరుగుతాయనీ ఒక వర్గం అంటోంది. సొంత రింకు (మంచు పరచిన ఆటస్థలం) లేకుండా, పురపాలక సంఘపు రింకు అద్దెకు తీసుకుని ఆడుతున్నవారికి ఈ ఆర్భాటం ఎందుకనీ, చివరకు భారమంతా విద్యార్థుల ఫీజు మీదే పడుతుందనీ మరొక వర్గం వాదిస్తోంది. ఇటువంటి మార్పును దగ్గరగా చూసినవారు ఎవరైనా ఉంటే, ముందుగా ఏది సరిచూసుకోవాలో చెప్పగలరు.

జవాబు: రాయగడ నుంచి

మాస్టారికి నమస్కారం. నేను 2012 నుంచి 2014 వరకు న్యూయార్క్ రాష్ట్రంలో చదువుకున్నాను. మా ఊరికి దగ్గరలోనే స్కెనెక్టడీ, అందులో యూనియన్ కాలేజీ. రెండు వేల పైచిలుకు విద్యార్థులున్న చిన్న కళాశాల అది. ఆ రోజుల్లో ఆటగాళ్ళకు క్రీడా ఉపకారవేతనాలు కూడా ఇచ్చేది కాదు. అటువంటిది 2014 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో జరిగిన ఫైనల్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయాన్ని 7–4తో ఓడించి మొదటి డివిజన్ జాతీయ విజేతగా నిలిచింది. ఆ మరునాడు ఊరంతా ఎట్లా ఉందో చెప్పాలంటే మన ఠాకురాణీ జాతరనాటి బరంపురాన్ని తలచుకోండి, సరిపోతుంది.

ఈ కథను చెప్పేవారు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. యూనియన్ జట్టు మొదటి డివిజన్‌లో అడుగుపెట్టింది 1991లో; అది తొలిసారి జాతీయ టోర్నమెంటుకు అర్హత పొందింది 2011లో. మధ్యలో ఇరవై ఏళ్ళు గడిచాయి. అన్నాళ్ళూ ఆ జట్టు నిలిచిందంటే, అది ఇ.సి.ఎ.సి. అనే పాత కాన్ఫరెన్సులో సభ్యురాలు కావడం ముఖ్యకారణమని నా అభిప్రాయం. కాన్ఫరెన్సు అంటే ఏటా తమలో తాము ఆడుకునే కళాశాలల కూటమి. అది ఉంటే సీజనులో ఆటలు ఎవరితో, ఎప్పుడు అన్నది ముందే తేలిపోతుంది. దాని టోర్నమెంటు గెలిచినవారికి జాతీయ టోర్నమెంటులోని పదహారు స్థానాల్లో ఒకటి నేరుగా దక్కుతుంది. అది లేకపోతే ఒక్కొక్క ఆటకూ ఒక్కొక్క కళాశాలను బతిమాలుకోవాలి.

మీ అబ్బాయి కళాశాల ముఖ్యంగా చూడవలసిన ఉదాహరణ అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్ విశ్వవిద్యాలయం. ఇదే రెండో డివిజన్‌లో 1996లోనూ 1998లోనూ జాతీయ విజేత. ఆ తరువాత పైకి వెళ్ళింది. 2007లోనూ 2010లోనూ మొదటి డివిజన్ జాతీయ టోర్నమెంటు కూడా ఆడింది. ఆటలో లోపం లేదు. కానీ 2010లో దాని కాన్ఫరెన్సు మూతపడింది. మూడేళ్ళు ఏ కూటమీ లేకుండా తిరిగి, 2013లో డబ్ల్యు.సి.హెచ్.ఎ.లో చేరింది. తరువాత ఆ కూటమిలోని ఏడు కళాశాలలు తమకు దగ్గరవారితోనే ఆడుకుంటామని విడిపోయాయి; దూరాన ఉన్న హంట్స్‌విల్‌నూ అలాస్కాలోని రెండు జట్లనూ వదిలేశాయి. 2020లో జట్టును రద్దు చేస్తామంటే అభిమానులు కొద్ది రోజుల్లోనే చందాలు పోగుచేసి నిలబెట్టారు. అయినా మరే కూటమీ చేర్చుకోకపోవడంతో 2021 మే నెలలో అది ఆగిపోయింది.

కాబట్టి ముందుగా సరిచూసుకోవలసినది రింకు కాదు, డబ్బు కూడా కాదు. ఏ కాన్ఫరెన్సు రమ్మంటోంది అన్నది.

జవాబు: పర్లాకిమిడి నుంచి

రాయగడ మిత్రుని మాటలో నిజం ఉంది కానీ, అన్నీ అమరాకే బయలుదేరాలంటే ఎవ్వరూ బయలుదేరరు. నేను వెళ్ళమనే చెబుతాను.

అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం సంగతి చూడండి. ఎడారి ఊళ్ళో క్లబ్బు స్థాయిలో ఆడుకునే జట్టు అది. దాతలు 3 కోట్ల 20 లక్షల డాలర్లు ముందుకు తెస్తే 2015లో మొదటి డివిజన్‌కు మారింది. అప్పటికి దానికి చెప్పుకోదగ్గ రింకు లేదు, కాన్ఫరెన్సూ లేదు. అయినా 2019లో జాతీయ టోర్నమెంటుకు వెళ్ళింది. అయిదువేల మంది కూర్చునే సొంత అరీనా 2022లో వచ్చింది, కాన్ఫరెన్సులో స్థానం 2024లో దొరికింది. మిన్నెసోటాలోని సెయింట్ థామస్ విశ్వవిద్యాలయమైతే మూడో డివిజన్ నుంచి నేరుగా మొదటి డివిజన్‌కు వెళ్ళి, 2021–22లో తన తొలి సీజనులో మూడంటే మూడే ఆటలు గెలిచింది. ఆ ఓటములు చూసి వెనక్కు రాలేదు. ఇప్పుడు దానికీ సొంత అరీనా ఉంది.

మన ఒడిశాలో జరిగినదీ ఇదే కదా. సుందర్‌గఢ్ పిల్లలు పాన్‌పోష్ క్రీడా వసతిగృహం నుంచి దేశపు జట్టుకు వెళ్ళిన చాలా ఏళ్ళకు, దిలీప్ తిర్కీ వంటివారు ఆడి విరమించిన తరువాత, 2023లో రూర్కెలాలో బిర్సా ముండా స్టేడియం వచ్చింది. ఆటగాళ్ళు ముందు, కట్టడాలు తరువాత.

సొంత అనుభవం ఒకటి చెబుతాను. మట్టి మైదానంలో ఆడే మా కుర్రాళ్ళను ఒకసారి భువనేశ్వరంలో టర్ఫ్ మీద ఆడించాను. బంతి వేగం అందక తొలి పది నిమిషాల్లోనే నాలుగు గోల్స్ ఇచ్చుకున్నారు. తిరుగు రైల్లో ఎవరూ మాట్లాడలేదు. మరుసటి వారం నుంచి మాత్రం, చెప్పకుండానే తెల్లవారుజామున వచ్చి బంతిని ఆపడం ఒక్కటే గంటసేపు సాధన చేసేవారు. తమ స్థాయివారితోనే ఆడుతూ ఉంటే ఆ గంట ఎప్పటికీ వచ్చేది కాదు.

జవాబు: జయపురం నుంచి, ఆడిటర్

పర్లాకిమిడివారు ఆటను గురించి మాట్లాడారు. నేను లెక్కను గురించి మాత్రమే చెబుతాను. వారు చెప్పిన రెండు ఉదాహరణల్లోనూ పెద్ద దాతలున్నారు. సెయింట్ థామస్ అరీనాకు ఒకే దంపతులు 7 కోట్ల 50 లక్షల డాలర్లు ఇచ్చారు. పెన్సిల్వేనియాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం 2012లో పైకి వెళ్ళిందంటే వెనుక పెగులా దంపతుల 8 కోట్ల 80 లక్షల డాలర్ల విరాళం ఉంది. రూర్కెలా వెనుక ఏకంగా ఒక రాష్ట్ర ప్రభుత్వమే ఉంది. మాస్టారి అబ్బాయి కళాశాలకు ఎవరున్నారో ప్రశ్నలో కనిపించలేదు.

విరాళం ఒక్కసారి వస్తుంది, ఖర్చు ఏటా వస్తుంది. మొదటి డివిజన్ హాకీలో ఇదివరకు ఒక జట్టుకు 18 పూర్తి ఉపకారవేతనాల పరిమితి ఉండేది. ఎన్.సి.ఎ.ఎ.పై ఆటగాళ్ళు వేసిన దావాలో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ఒప్పందం తరువాత, అందులో చేరిన కళాశాలలకు ఆ పరిమితి తొలగింది. జట్టులో 26 మందికి మించకుండా అందరికీ ఇవ్వవచ్చు, పైగా ఆటగాళ్ళకు నేరుగా డబ్బూ చెల్లించవచ్చు. అదే ఏడాది ఆగస్టు నుంచి కెనడాలో కుర్రాళ్ళ అగ్రశ్రేణి పోటీలైన మేజర్ జూనియర్ లీగుల్లో ఆడినవారికీ కళాశాల జట్లలో ప్రవేశం లభించింది. కాబట్టి 2015నాటి అరిజోనా లెక్కతో ఇప్పుడు పైకి వెళ్ళేవారు ఎదురుకాబోయే జట్టును తక్కువ అంచనా వేసుకున్నట్టే.

ఇంకొక పద్దు చాలామంది మరచిపోతారు. అక్కడ 1972నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం స్త్రీపురుషులకు క్రీడావకాశాలు సమంగా ఉండాలి. పురుషులకు కొత్తగా ఉపకారవేతనాలు ఇస్తే స్త్రీల పక్షాన కూడా అందుకు తగిన ఖర్చు చూపవలసి వస్తుంది. ముసాయిదాలో ఆ పద్దు ఉందేమో చూడండి.

వెనక్కు రావడం ఎంత కష్టమో కూడా ఆలోచించాలి. అలాస్కా యాంకరేజ్ విశ్వవిద్యాలయపు జట్టును 2020లో తీసివేయాలని నిర్ణయించినప్పుడు, రెండేళ్ళ ఖర్చుకు సరిపడా 30 లక్షల డాలర్లు ప్రజల నుంచి పోగుచేస్తేనే ఉంచుతామన్నారు. ఊరు ఆ డబ్బు కూడగట్టింది కాబట్టి 2022లో మళ్ళీ మంచు మీదికి వచ్చింది. నాకైతే మొదటి ఏడాది అంకెల కన్నా అయిదో ఏడాది అంకెలు చూడాలని ఉంది.

ప్రశ్న వేసినవారి స్పందన: బరంపురం

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆటగాణ్ణిగా నా మనసు పర్లాకిమిడివారి వైపే మొగ్గుతోంది. ఆ రైలు ప్రయాణం వంటివి నేనూ చేశాను. అయినా నిన్న రాత్రి మా వాడితో మాట్లాడినప్పుడు ముందుగా కాన్ఫరెన్సు సంగతే అడిగాను. ఒక కూటమివారు ఫోనులో ఆసక్తి చూపారట గానీ ఉత్తరం ఏదీ రాలేదట. అందుకే నివేదికలో మొదటి వాక్యంగా ఆ మాటే రాయమన్నాను. ఉత్తరం వచ్చేదాకా ఇప్పటి కూటమిని వదలవద్దని రెండో వాక్యంగా చేర్చమన్నాను. పెద్ద దాత ఎవరైనా ఉన్నారా అంటే, ఒకరు రింకు మరమ్మతుకు ఇస్తామన్నారు తప్ప ఏటా అయ్యే ఖర్చుకు ఎవరూ మాట ఇవ్వలేదన్నాడు. స్త్రీల జట్టు పద్దు ముసాయిదాలో అసలు లేదు. ఆ మాట అడిగేసరికి వాడు కాసేపు ఏమీ అనలేదు. తరువాత, వాళ్ళ ఊళ్ళో తెల్లవారేలోగా ఆ భాగం రాసి పంపుతానన్నాడు.