అప్‌డేట్: ఇనారి సంచులు ఇక చిరగట్లేదు

ఇనారి సుషికి (టోఫు సంచిలో వెనిగర్ కలిపిన అన్నం నింపే జపాన్ వంటకం) అబురాగెని (వేయించిన పల్చటి టోఫు) సంచిలా తెరుస్తుంటే చిరుగుతోందనీ, అన్నం ముద్దవుతోందనీ అడిగాను కదా. రెండూ తేలాయి, థాంక్స్.

కోసే ముందే ముక్క మీద చాప్‌స్టిక్‌ని గట్టిగా దొర్లించాలి, అప్పడాల కర్రయినా సరే. లోపలి పొరలు విడిపోతాయి. సగానికి కోసి, మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచి పిండాలి. నూనె పోకపోతే రసం పట్టదు.

10 సగం ముక్కలకు దాషి (జపాన్ వంటల్లో వాడే పల్చటి స్టాక్) 200 మి.లీ., పంచదార 3 పెద్ద చెంచాలు, సోయా సాస్ 2, మిరిన్ (తియ్యటి బియ్యపు వైన్) 1. సన్న సెగపై 12-15 నిమిషాలు ఉడికించి, ఆ రసంలోనే చల్లారనివ్వాలి. వేడి మీద ముట్టుకుంటే చిరిగినట్టే.

అన్నం ముద్దవడానికి కారణం నింపేముందు సంచుల్ని పిండకపోవడం. అరచేతుల మధ్య మెల్లగా నొక్కితే చాలు. పూర్తిగా పిండేస్తే సంచి చప్పబడుతుంది.

పొట్టి గింజ బియ్యం 150 గ్రాములు. అన్నం వేడిగా ఉండగానే వెనిగర్ ఒకటిన్నర పెద్ద చెంచా, పంచదార 1, ఉప్పు అర టీస్పూన్ కలిపి, గరిటెతో కోసినట్టు తిప్పాలి, మెదపకూడదు. సోనా మసూరి ఉండ కట్టదు, ప్రయత్నించకండి. ఒక్కో సంచికి 30 గ్రాములకు పైగా పడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే అన్నం గట్టిపడుతుంది.